నలుగురిదీ ఒకటే గొంతు

“ఆపు తల్లీ, ఆపు! ముగ్గురు చెప్పారు, ముగ్గురిదీ ఒకటే మాట. దీన్ని మిస్టరీ అంటారా?” అంది అత్తగారు, కంటికట్టు సవరించుకుంటూ.

కోడలు చదవడం ఆపింది.

మిస్టరీ నవలలంటే అత్తగారికి ప్రాణం. ముందు ఆఖరి పేజీ చదివేసి, ఆ తర్వాతే మొదటి పేజీ తియ్యడం ఆవిడ అలవాటు. హంతకుడెవరో తెలిసి చదివితేనే రచయిత పప్పులో కాలేసిన చోటు దొరుకుతుందని ఆవిడ వాదన. చూపున్న ఒక్క కంటికీ ఆపరేషనై కట్టు పడ్డాక ఆ సరదా కాస్తా పోయింది. కోడలు చదివిందే వినాలి.

“వంటమనిషి, మందుల షాపువాడు, తోటమాలి... అందరూ అచ్చం నీలాగే మాట్లాడుతున్నారే! రాసిందెవరు?”

“ఎవరో కొత్తావిడ అత్తయ్యా. ఇదే మొదటిదట.”

“తెలుస్తూనే ఉంది. కొడుకే తండ్రి పళ్ళరసంలో ఏదో కలుపుతున్నాడని మొదట్లోనే చెప్పేస్తే ఇంక చదివేదేముంది?”

“ఎవరన్నది కాదత్తయ్యా. ఆయన ఆ రసం తాగడం మానేస్తాడా లేదా అన్నదే...”

“మానడు. కన్నకొడుకుని ఎవరనుమానిస్తారు?”

ఆవిడా అంతే, కొడుకు మీద ఈగ వాలనివ్వదు. కిందటేడు కోడలు మొగుడి గురించి ఏదో చెప్పబోతే నెల్లాళ్ళు మాట్లాడటం మానేసింది.

“ఇప్పుడు ఆ ఇంటి కోడలు చెబుతుంది, వినండి.” కోడలు గొంతు తగ్గించింది. “‘నేను కళ్ళారా చూశాను. నోరు విప్పితే నన్నూ బతకనివ్వడు. చెప్పినా మామయ్య నమ్మరు...’”

గుమ్మంలో చెప్పుల చప్పుడయింది. చదువు ఠక్కున ఆగింది. పుస్తకం గబగబా దిండు కిందికి దూరింది.

ఈమధ్య ఇదొకటి. మొగుడు గదిలోకొస్తే చాలు, ఆ పిల్లకు నోరు పెగలదు. ఆ మనసులో ఏముందో తెలియక అత్తగారికి భయంగా ఉంటోంది. దానికితోడు ఆపరేషన్ కంటికైతే నీరసం ఒళ్ళంతా.

“ఏం చదువుతోందమ్మా?” అన్నాడు కొడుకు, పాలగ్లాసు చేతికిస్తూ.

“ఏదో చెత్త నవలరా.”

“పాలు తర్వాత తాగుదురుగాని అత్తయ్యా, కాస్త చల్లారనివ్వండి” అంది కోడలు.

“వేడిగానే తాగాలి. నువ్వెళ్ళి వంట చూడు” అన్నాడతను.

కోడలు కదల్లేదు.

“చెప్పింది వినపడలేదా?”

ఆమె అడుగులు వంటింటివైపు మెల్లగా వెళ్ళాయి. అత్తగారు పాలు గటగటా తాగేసింది. చివరి చుక్క దాకా ఆగి, కొడుకు ఖాళీ గ్లాసు తీసుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

ఇంతకీ ఆ పెద్దాయన మానేశాడా, లేదా? ఎంత చెత్త నవలైనా ఆవిడ ప్రాణం ఊరుకోలేదు. కట్టు ఎలాగూ రేపు విప్పేస్తారు. అంచు కాస్త పైకెత్తి, దిండు కింద నుంచి పుస్తకం లాగి, ఆఖరి పేజీ తీసి కంటికి దగ్గరగా పెట్టుకుంది.

అది కుట్టుమిషను ఎలా వాడాలో చెప్పే పుస్తకం.