పాప గొంతు

“చెయ్యి తియ్! గీత పడితే ఇంకోటి దొరకదు, తెలుసా?”

కొట్టు యజమాని అరుపుకి ముసలాయన ప్లేయరు మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“వేగం తగ్గిద్దామని బాబూ,” అన్నాడు. గొంతు లేదు, వట్టి గాలి. మెడ చుట్టూ మఫ్లరు.

“తాతకే దగ్గులు నేర్పుతున్నావా తాతా?”

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అది పాత రికార్డుల కొట్టు. చిత్తుసామాన్ల మూటలో ఓ చిన్న రికార్డు దొరికింది. మధ్యలో అంటించిన కాగితం తడిసి, పేర్లన్నీ చెరిగిపోయాయి. ముల్లు పెట్టగానే ఓ ఆడపిల్ల గొంతు గలగలా పారింది. యజమాని దాన్ని ఫోనులో పట్టి లోకం మీదికి వదిలాడు. ఇంకేముంది, ‘పాప, పాప’ అంటూ జనం వెర్రెత్తిపోయారు. సంగీతం తెలిసిన పెద్దలు కూడా వచ్చి, పాప గొంతునీ, వెనక వయొలిన్ వాయించినవాడి వేళ్ళ చురుకునీ తెగ మెచ్చుకున్నారు. తెలిసినవాళ్ళు కదా, మెచ్చుకోక ఏం చేస్తారు!

ఆ పాప ఈపాటికి ముసలమ్మై ఎక్కడో ఉండాలి. వెతికి పట్టుకుని సన్మానం చెయ్యాలని యజమాని పంతం. ‘ఆ పాపను నేనే’ అంటూ కొందరు రానే వచ్చారు. పాడమంటే తేలిపోయారు.

ముసలాయనది మాత్రం వచ్చినప్పుడల్లా ఒకటే గోల.

“చిన్నదైనా ఇది నెమ్మదిగా తిరగాలి బాబూ. ఒక్కసారి వేసి చూడండి.”

“పెద్ద రికార్డులు నెమ్మది, చిన్నవి జోరు. ఆమాత్రం తెలీదా నాకు? ఇంతకీ పాప నీకేమవుతుందేంటి?”

ముసలాయన ఏదో చెప్పబోయి, చుట్టూ నవ్వుమొహాలు చూసి నోరు మూసుకున్నాడు.

ఓరోజు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

“మా అమ్మాయి. దీనికోసం నెమ్మదిగా వెయ్యండి బాబూ. మళ్ళీ రాను.” చేతులు జోడించాడు.

“కూర్చోమ్మా,” అని కుర్చీ లాగాడు యజమాని. వేగం మార్చే మీట ముట్టుకోకుండా ఎప్పటిలాగే వేశాడు. వచ్చినవాళ్ళందరి మాటా వింటే కొట్టు నడిచినట్టే!

కూతురు ఆసాంతం వింది. “పిల్ల భలే పాడింది కదా నాన్నా!”

ముసలాయన ఆమె మొహంలోకి చూసి తలూపాడు. మెట్లు దిగడానికి కూతురే చెయ్యి పట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత రాలేదు. పీడా వదిలిందనుకున్నాడు యజమాని. నిజంగానే అనుకున్నాడు.

కొన్నాళ్ళకి కూతురు ఒక్కతే వచ్చింది.

“నాన్న పోయారండీ. చివర్లో కూడా వేలు గుండ్రంగా తిప్పుతూ ‘నెమ్మది, నెమ్మది’ అన్నారు. ఒక్కసారి ఆయన అడిగినట్టు వేస్తారా?”

బతికున్నవాడి మాట తోసెయ్యడం తేలిక. పోయినవాడి మాట దగ్గరే మొహమాటం. యజమాని మీట జరిపాడు.

పాప మాయమైంది.

మగగొంతు. నిండుగా, నింపాదిగా, ఎక్కడికీ తొందర లేనట్టు. వయొలిన్ కూడా పరుగు మానేసి పాట పక్కనే నడిచింది.

యజమాని స్టూలు మీద కూలబడ్డాడు. లేని పాపకోసం ఊరంతా వెతికించాడు. ఉన్న మనిషిని చెయ్యి తియ్యమన్నాడు.

“ఎవరండీ ఈయన? ఇంత బాగా పాడుతున్నారు!” అంది కూతురు.

“మీ నాన్నగారి మాట... మొదట్నించీ అంతేనా అమ్మా?”

“లేదండీ. నేను పుట్టకముందే జబ్బుచేసి గొంతుకి ఆపరేషన్ అయింది. అంతకుముందు పాడేవారట, అమ్మ చెప్పేది. ఆయన గొంతు ఎలా ఉండేదో నేనెరగను.”

యజమాని తిరుగుతున్న రికార్డు వైపు చెయ్యి చూపించాడు.

“ఇదిగో, ఇలా ఉండేది తల్లీ.”