తుడిచెయ్యమ్మా!

"డిస్కు కనబడలేదు" అని తెర మీద మళ్లీ అదే మాట.

"కళ్లెదురుగా బిగిస్తే కనబడదేం నీకు?" అని కసిరింది టెక్నీషియన్.

కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రం అది. కాలి అచ్చు చెక్కే యంత్రం, దాన్ని నడిపే కంప్యూటర్లో లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ పాతది ఉంటేనే కదులుతుంది. కొత్తది పెడితే మొండికేస్తుంది. పొద్దున్నే ఆ కంప్యూటర్లో డిస్కు చచ్చింది. కొత్త డిస్కు తెచ్చి పెడితే పాత లైనక్స్ దాన్ని గుర్తుపట్టడం లేదు. పాపం, అది పుట్టేనాటికి ఈ రకం డిస్కులు ఇంకా పుట్టలేదు.

బయట బెంచీ మీద చంకకర్రలతో టీచరమ్మ కూర్చుని ఉంది. ఎల్లుండి బళ్లో చేరాలి. నడిచి చూపిస్తేనే ఉద్యోగం. ఇవాళ అచ్చు చెక్కితేగాని రేపటికి కాలు సిద్ధం కాదు.

ఆమెను చెయ్యిపట్టి కూర్చోబెట్టిన పెద్దమనిషి లోపలికి తొంగిచూశాడు.

"అమ్మా, నేను..."

"చూస్తున్నాగా బాబాయిగారూ! మీ అమ్మాయి అవస్థ నాకు తెలీదా? కాస్త కూర్చోండి."

ఆయన ఏదో చెప్పబోయి, వెనక్కి వెళ్లి టీచరమ్మ పక్కన కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి టెక్నీషియన్‌కు దారి దొరికింది. ముందు పాత రకం డిస్కు మీద లైనక్స్ ఎక్కించాలి. కొత్త డిస్కును గుర్తుపట్టే డ్రైవరు ప్రోగ్రాము అందులో చేర్చాలి. ఆ తర్వాత మొత్తం కొత్తదానిలోకి కాపీ చేసుకోవచ్చు.

దారి బాగానే ఉంది. పాత రకం డిస్కే ఏ దుకాణంలోనూ లేదు.

"ఇవాళ కుదరదేమోనమ్మా," అంది బయటికొచ్చి.

టీచరమ్మ కర్రలు దగ్గరికి లాక్కుంది.

పెద్దమనిషి సంచీలోంచి లాప్‌టాప్ తీశాడు.

"ఇది పాతదే. దీన్లో డిస్కు పనికొస్తుందా?"

"భేషుగ్గా! కానీ ఉన్నవన్నీ తుడిచెయ్యాలండీ. ముఖ్యమైనవేమైనా ఉన్నాయా?"

ఆయన టీచరమ్మ వంక చూశాడు.

"ఉన్నాయి. తుడిచెయ్యమ్మా!"

సాయంత్రానికి యంత్రం గుర్రుమంది. అచ్చు దిమ్మ మీంచి పొట్టు రాలుతుంటే టెక్నీషియన్‌కు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

"రేపొచ్చి కాలు తొడుక్కుని వెళ్దురుగాని!" అంటూ పరుగున వచ్చింది. "మీ నాన్నగారేరీ?"

టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మా నాన్నా? ఆయన మీ కేంద్రం మనిషే అనుకున్నానండీ! యంత్రం చప్పుడు వినగానే 'ఇక నాకు పనిలేదు' అని వెళ్లిపోయారు."

అంతలో ఫోన్ మోగింది. కేంద్రం పెద్ద సారు.

"యంత్రం నడిచిందండీ!" అంది టెక్నీషియన్, ఆయన అడక్కముందే.

"అమ్మయ్య, బతికించావు! అన్నట్టు, పాత యంత్రం మూలపడితే ఇవాళే ఆర్డరు ఇస్తానని ఆ కొత్త యంత్రాల కంపెనీ ఆయనకు మాటిచ్చాను. పొద్దుననగా అక్కడికే బయల్దేరాడు... రాలేదా?"