మొద్దు శిష్యుడు

"ఇది నువ్వు రాసింది కాదు!"

మల్లికార్జునరావు మాస్టారు అసైన్‌మెంట్ కాగితాలు బల్లమీద పడేసి, ఎర్రపెన్ను మూత తీశారు. గుడివాడ కాలేజీలో ఆయన మూత తీశారంటే సున్నా పడినట్టే. ఆ సున్నా పడితే వీరదుర్గకి స్టాటిస్టిక్స్ పోతుంది, దాంతోపాటు సెమిస్టరూ పోతుంది.

"నేనే రాశానండి."

"మొన్నటి పరీక్షలో సగటు కట్టడం రానిదానివి, ఇవాళ స్టాండర్డ్ డీవియేషన్ దంచేశావా? ఫోన్లో ఏఐ రాసిపెట్టిందని ఒప్పుకో, తిట్టి వదిలేస్తాను."

"దానికేమీ రాదండి."

స్టాఫ్ రూములో ఎవరో నవ్వు దాచుకోడానికి దగ్గారు.

"లోకంలో ఉన్నదంతా వచ్చినదానికి రాదా? ఏదీ, తియ్యి!"

వీరదుర్గ ఫోను తీసి బల్లమీద పెట్టింది. మాస్టారు దానిమీదికి వంగి, వైవాలో అడిగినట్టే అడిగారు.

"స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటి?"

"నాకింకా సరిగ్గా రాలేదండి," అంది ఫోను, వినయంగా. "అక్క చెబుతోంది. అక్కా, రెండు చెరువుల దగ్గర ఆపావు."

మాస్టారి చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఇదివరకు అడిగిందల్లా చెప్పేసేదండి," అంది వీరదుర్గ. "చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. పరీక్ష హాల్లో ఒక్క ముక్కా గుర్తొచ్చేది కాదు. అందుకని, నువ్వు మొద్దు స్టూడెంటువి, అర్థమయ్యేదాకా నన్ను అడుగుతూనే ఉండు అన్నాను."

"అయితే చెప్పు దానికి. నేనూ వింటాను."

వీరదుర్గ గొంతు సవరించుకుంది. "బంటుమిల్లిలో మా రెండు చెరువుల్లోనూ రొయ్య సగటున ఇరవై గ్రాములే. ఒకదాంట్లో అన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. రెండోదాంట్లో ఒకటి అరచెయ్యంత, ఒకటి అగ్గిపుల్లంత."

"సగటు ఒకటేగా అక్కా, తేడా ఏముంది?" అంది ఫోను.

"కొనేవాణ్ణడుగు. రెండోదానికి రేటు కోసేస్తాడు. సగటు చెప్పని ఆ ఎగుడుదిగుడు కొలవడానికే ఇది."

మాస్టారు కావాలనే అడ్డుపడ్డారు. "సగటుకి ఎక్కువలూ తక్కువలూ కూడితే సున్నాయేగా?"

"అందుకే ముందు వర్గం చేస్తామండి. మైనస్సులు పోతాయి."

"మరి గ్రాములు గ్రాముల్లాగే ఉంటాయా?"

"ఉండవండి. అందుకే చివర్లో వర్గమూలం. మళ్ళీ గ్రాముల్లోకొస్తాం."

మాస్టారు ఫోను వంక చూశారు. అన్నీ తెలిసిన యంత్రం, ఏమీ తెలియనట్టు నోరు మూసుకుని పాఠం వింటోంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత బుద్ధిమంతుడైన స్టూడెంటుని ఆయన చూసి ఎరగరు. ఎర్రపెన్నుకి మూత పెట్టేసి, నీలం పెన్నుతో పూర్తి మార్కులు వేసి, కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"అద్భుతం," అన్నారు, గొంతు తగ్గించి. "ఇంకొక్క డౌటమ్మాయ్..."

"అక్కా," అంది ఫోను జాలిగా, "ఈ కొత్తగా చేరినాయన నాకంటే మొద్దులా ఉన్నారు. మా ఇద్దరికీ కలిపి మళ్ళీ మొదట్నుంచి చెప్పవా?"