రూతు గీసిన ఏరు

పుస్తకం అట్ట మీద శశి పేరు ఒక్కటే ఉందని, బొమ్మలేసే రూతు ఆ కథలోంచి తను గీసిన ఏటిని వెనక్కి తీసుకుంది. ఎవరు కల్పించింది వాళ్లదేనని ఇద్దరికీ ముందే ఒప్పందం.

ఏరు పోయేసరికి కథలో జనం ఖాళీ బిందెలతో రోడ్డెక్కారు. కథ రాసే శశి వాళ్లకు బోరు వేయించాడు. కానీ తను ఎన్ని బోర్లేసినా నీళ్లు పడని నల్లమాడలో పుట్టినవాడు. నీళ్లు పడ్డాయని రాయడానికి చెయ్యి రాలేదు.

చివరికి రూతు ఇంటికే వచ్చాడు.

"జనం అల్లాడిపోతాండారక్కా. నీ పేరు గూడా వేయిస్తా, ఏరు ఇచ్చెయ్."

రూతు బొమ్మ తెచ్చి చేతిలో పెట్టింది. శశి మొదటిసారి దాన్ని పరీక్షగా చూశాడు. రెండు గట్లు, మధ్యలో ఇసుక.

"నీళ్లు యాడికి పోయినాయక్కా?"

"మన పక్క ఏరంటే ఇదే కదప్పా. నీళ్లు రాసింది నువ్వు."