ఓడ ముందు నెమలి

"ఇయ్యాల జనానా రోజు. ఆడోళ్లకే. మొగోళ్లు లోపలికి పోవద్దు" అని దర్వాను గేటుకు కర్ర అడ్డం పెట్టేసరికి జంగయ్యకు ప్రాణం లేచొచ్చింది.

షంషాబాదులో నవాబు గారి తోట అది. లోపల పాత వస్తువుల అజాయబ్‌ఘర్ పక్కనే, వెనకటి కాలపు తెరచాపల ఓడను అచ్చం అలాగే కట్టి నిలబెట్టారు. గోడ మీదుగా తెల్లటి చాప కొస మాత్రం కనిపిస్తోంది. ఆ ఓడ ఎక్కి చూశానని జంగయ్య తొండుపల్లి అంతా చెప్పుకున్నాడు. ఎక్కడం దేవుడెరుగు, ఈ గేటు కూడా దాటలేదు. "ముంగట పురివిప్పిన నెమలి ఉన్నది. లేకుంటే నా మీసం తీసేస్త" అని కూడా అనేశాడు. ఉంటే తన మీసం తీయించుకుంటానని పక్కింటి దశరథం పట్టుబట్టి, మంగలి శివయ్యను పొదితో సహా బండెక్కించి తెచ్చాడు.

"మల్లొకనాడు వద్దాం తియ్యి" అంటూ జంగయ్య ఎడ్లను మళ్లించబోయాడు.

"ఎందుకే? వదినె ఉన్నది కద. ఆమె అబద్ధమాడదు. పో వదినె, సూసిరా" అన్నాడు దశరథం.

జంగయ్య వద్దనబోయాడు. అతని భార్య రేణుకమ్మ అప్పటికే బండి వెనక గడ్డిలోంచి దూకేసింది. ఓడ చూడాలని వారం రోజులుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు. కొంగు నడుముకు చుట్టి, మొగుడి వంక ఒక్క చూపు చూసి, లోపలికి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

శివయ్య కత్తి నూరసాగాడు. జంగయ్య చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. ఇరవై ఏళ్ల మీసం. అది లేకుండా రేపు అంగట్లో ఏ ముఖం పెట్టుకుని తిరగాలి?

చాలాసేపటికి రేణుకమ్మ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏం చెప్పాలె దశరథం. తాళ్ల నిచ్చెన పట్టుకొని పైకెక్కిన. గాలికి చాపలన్నీ పటపట కొట్టుకుంటుంటే ఓడ కదిలిందే అనుకున్న. గుంజను గట్టిగ పట్టుకున్న."

"గవన్ని తర్వాత. ముంగట ఏమున్నది?"

జంగయ్య కళ్లు మూసుకున్నాడు.

"నెమలి. పురివిప్పిన నెమలి."

దశరథం మాట తప్పే మనిషి కాదు. గోడ నీడన కూర్చుని పై పెదవి నున్నగా గీయించుకున్నాడు. ఆ ముఖంతో బండెక్కలేక, శివయ్యను తోడు తీసుకుని పొలాల గట్ల మీదుగా ఊరికి నడిచాడు.

జంగయ్య ఆనందం పట్టలేక ఒక్క గెంతులో బండి ముందుకెక్కి పగ్గాలు అందుకున్నాడు.

"నోటికొచ్చింది చెప్పిన. గదే నిజమైందేందే?"

"నెమలి లేదు, ఏం లేదు" అంది రేణుకమ్మ, బండెక్కకుండా చక్రం పక్కనే నిలబడి. "చెక్కతోని చేసిన ఆడమనిషి ఉన్నది. ఓడంతటికీ ముంగట నిలబడ్డది. మొగోళ్లంతా ఆమె వెనకనే కూసునేటోళ్లంట. సూపించేటామె చెప్పింది."

జంగయ్య చెయ్యి మళ్లీ మీసం మీదికి పోయింది.

"దిగు ఇగ. వెనక గడ్డి మెత్తగనే ఉంటది" అంటూ రేణుకమ్మ చెయ్యి చాచింది. "పగ్గాలు ఇటియ్యి."