ఊపిరి గీత

చేపపిల్ల సంచిలో తడి తువ్వాలు కింద సిగరెట్ పెట్టె దొరికింది. ఇరవైలో పదకొండే మిగిలాయి.

కోచ్ దాన్ని బల్ల మీద పెట్టి గది తలుపు వేసింది. అద్దం అవతల కొలనులో మిగతా పిల్లలు ఈదుతూనే ఉన్నారు. పదిహేనేళ్లకే పెద్దవాళ్లను కూడా వెనక్కి నెట్టి చేపపిల్ల అనిపించుకున్న ఈ అమ్మాయి, ఇందాక నాలుగో మలుపు దగ్గర దగ్గుతెర ముంచుకొచ్చి తాడు పట్టుకుని వేలాడింది. మందేమైనా ఉందేమోనని కోచ్ సంచి తెరిచింది.

"ఎవరు అలవాటు చేశారు?"

చేపపిల్ల జుట్టులోంచి నీళ్లు టపటపా నేల మీద పడుతున్నాయి.

"నాలుగింటికి జట్టు జాబితా పంపాలి. ఇప్పుడు మూడూ నలభై. మన రూల్ నీకు తెలుసు. అలవాటు చేసిన మనిషి పేరు చెబితే హెచ్చరికతో పోతుంది. దాచావో, నీ పేరు కొట్టేస్తాను. రెండేళ్లు పోటీల మాట మర్చిపోవాలి."

"కొట్టేయండి మేడమ్."

తలుపు ధడాలున తెరుచుకుంది. కోచ్ ఫోన్ చేయగానే ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన తండ్రి, ఆయాసపడుతూనే అందుకున్నాడు.

"నా కూతురు సిగరెట్లు తాగడమేంటి మేడమ్? ఎవరో పెట్టుంటారు దాని సంచిలో."

"మీ అమ్మాయే ఒప్పుకుంది సార్."

ఆయన ముఖం మాడిపోయింది. కూతురి వైపు తిరిగాడు. "ఎవరిచ్చారే?"

"ఎవరూ ఇవ్వలేదు. కొట్లో కొన్నాను."

"నీకెలా అమ్మారు?"

"మా నాన్నకి అన్నాను."

జన్మలో సిగరెట్ ముట్టని ఆ మనిషి కుర్చీలో కూలబడ్డాడు. "బాగుందమ్మా. ఇక కొట్టువాడు నాకు ఖాతా తెరవడమే తరువాయి."

కోచ్ గడియారం చూసుకుంది. ఇంకా పదమూడు నిమిషాలే ఉంది. "పోనీ, ఎందుకు మొదలుపెట్టావో అదన్నా చెప్పు."

"చివరి యాభై మీటర్లలో ఊపిరి అందట్లేదు మేడమ్." చేపపిల్ల గొంతు సన్నగా వచ్చింది. "ఒకటి తాగితే నిండుతుందని... నిండదని తెలుసు. అయినా చెయ్యి దానంతట అదే వెళ్లిపోయేది."

"పొగ పీలిస్తే ఊపిరి నిండుతుందా?" తండ్రి బల్ల మీద గుద్దాడు. పెట్టె ఎగిరిపడింది. "ఏ దరిద్రుడు ఎక్కించాడే నీ బుర్రకి? పేరు చెప్పు. ఎవడైనా సరే, ఉద్యోగం ఊడగొట్టి రోడ్డు మీద నిలబెడతాను. మేడమ్, నాలుగు దాటినా సరే, ఇది నోరు విప్పేదాకా కదలను."

చేపపిల్ల ఒక్కసారి తండ్రి కళ్లలోకి చూసింది. వెంటనే తల దించుకుంది.

ఆ చూపు కోచ్‌కి అంతుబట్టలేదు. కానీ ఊపిరి నిండటం అనే మాట మాత్రం ఇంట్లో రోజూ వినేదే. చేతిలో ఫోన్‌తో సోఫాలో దొర్లే ఆమె తమ్ముడు, "అబ్బ, ఊపిరి నిండిందక్కా!" అని కేక పెడుతూ ఉంటాడు. ఆమె తన ఫోన్ తీసింది.

"పడవ కెప్టెన్ ఆట. అదేనా?"

చేపపిల్ల ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మేడమ్."

కోచ్ ఆ ఆట వీడియో పెట్టి ఫోన్‌ని తండ్రి ముందుకు జరిపింది. తెర మీద కెప్టెన్ సముద్రంలోంచి రొప్పుతూ పడవెక్కాడు. పక్కనున్న ఊపిరి గీత అడుగంటి ఎర్రగా కొట్టుకుంటోంది. కెప్టెన్ సిగరెట్ వెలిగించాడు. ఒక్క దమ్ము. గీత పచ్చగా పైదాకా నిండింది. కెప్టెన్ మళ్లీ నీళ్లలోకి దూకాడు.

"ఈతపిల్లకి ఇంతకన్నా ఏం కావాలి సార్? రోజుకి వందసార్లు చూస్తే చెయ్యి వెళ్లక ఏం చేస్తుంది? పైగా ఈ వయసు ముద్ర చూడండి. పన్నెండేళ్లు దాటినవాళ్లకి. పొగాకు దృశ్యాలు లేవు. ఇది వేసిన మహానుభావుడు కళ్లు ఇంట్లో పెట్టి ఆఫీసుకెళ్లాడేమో!"

తండ్రి తెరనే చూస్తున్నాడు. కెప్టెన్ రెండో సిగరెట్ వెలిగించాడు.

"ఆట పేరు రాయడానికి మా కాగితంలో గడి లేదు," అంది కోచ్. "మనిషి పేరు కావాలి. నాలుగు నిమిషాలుంది. చేపపిల్లా, ఇది ఎవరి వల్ల నీ దాకా వచ్చింది?"

"ఎవరూ లేరు మేడమ్. దండం పెడతాను, నా పేరే కొట్టేయండి."

"పిచ్చిపిల్లా, ఇలాంటి ఛాన్సు మళ్లీ రాదే!"

"తెలుసు."

కోచ్ నిట్టూర్చి జాబితా ముందుకు లాక్కుంది. కలం మూత తీసింది. వరసలో మొదట ఉన్న చేపపిల్ల పేరు మీద కలం ఆనింది.

తండ్రి చెయ్యి వచ్చి ఆమె కలాన్ని పట్టుకుంది.

"నాన్నా, వద్దు!" చేపపిల్ల అరిచింది.

"దాని పేరు కాదు మేడమ్, నా పేరు రాయండి. ఆటలకి వయసు ముద్రలు వేసే ఉద్యోగం నాది. ముప్ఫై గంటల ఆట ఎవరాడతారని, కంపెనీ పంపిన పావుగంట వీడియో చూసి సంతకం పెట్టేశాను. ఇందులో సిగరెట్లున్నాయి, ముద్ర మార్పించు నాన్నా అని ఇది నాకు రెండు నెలల క్రితమే చెప్పింది. ఉద్యోగం పోతుంది, ఎవరడిగినా నోరు విప్పనని నా తల మీద ఒట్టెయ్యి అన్నాను."