క్వారీ గుట్ట మీద ఈల

"ఐలవ్వా!" అని కేకేసి రంజిత్ మళ్లీ ఈల ఊదాడు. మానేరు నీళ్ల నడుమ ద్వీపంలా మిగిలిన ఆ గుట్టంతా మోగింది. పక్షులను చూపిస్తానని అతను పడవలో తీసుకొచ్చిన వాళ్లందరూ ఈల విని వచ్చేశారు. నవత అమ్మమ్మ ఐలవ్వ ఒక్కతే రాలేదు.

నవత పాత క్వారీ గుంతలోకి తొంగిచూసింది. అడుగు కనిపించని నల్లటి నీళ్లు.

"తను పనిజేసిన క్వారీ చూస్తనని మొండికేస్తే తోల్కొచ్చిన అన్నా. నీళ్లల్ల గిట్ల పడ్డదా?"

"ఫికర్ చెయ్యకు చెల్లె. ఈల ఇంటే వస్తది." ఈసారి ఇంకా గట్టిగా ఊదాడు.

ఊదిన ప్రతిసారీ అవతలి వైపు రాళ్లు జారుతున్న చప్పుడు, మరింత దూరంగా. నవత అటు పరుగెత్తింది. ముందుకు వంగిన పెద్ద బండ కింద ఐలవ్వ ముడుచుకుని కూర్చుంది.

"అమ్మమ్మా! నా పానం పోయినంత పనైంది. ఇన్నిమాట్ల పిలుస్తుంటే రావేంది?"

ఐలవ్వ ఆమెను లోపలికి గుంజింది. "ఈల ఊదినంక బయట నిలవడ్తరా బిడ్డా? బండ పేలుతది!"

"క్వారీ ఎప్పుడో బందైంది. గా ఈల నిన్ను పిలిచేటందుకే."

"మీ తాత గూడ గట్లనే అనుకున్నడు. అన్నానికి పిలుస్తుండ్రని బయటికి వోయిండు."

పైన మళ్లీ ఈల మోగింది. ఐలవ్వ రెండు చేతులతో గబగబా చెవులు మూసింది. తనవి కాదు, మనుమరాలివి.

ఏ బండా పేలదని తెలిసిన నవత కూడా ఊపిరి బిగబట్టింది.